కొత్త జూమ్ లెన్సుతో మొదటి వారం: టామ్రాన్ 28-75ను నేను పరీక్షించిన పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

నాలుగేళ్ల కిందట ఒక కొత్త జూమ్ లెన్సును పెట్టెలోంచి తీసి, వరండాలో పది ఫోటోలు కొట్టి, కెమెరా స్క్రీన్ మీద చూసి బాగుందనుకుని నేరుగా పెళ్లికి తీసుకెళ్లాను. ఆల్బమ్ ప్రింటుకు పంపే ముందు గ్రూప్ ఫోటో పెద్దది చేసి చూస్తే, కుడి చివర కుర్చీలో కూర్చున్న పెళ్లికూతురి అమ్మమ్మ ముఖం మసకగా ఉంది. ఎడమ చివర నిలబడ్డ పిల్లాడి చొక్కా గుండీలు మాత్రం లెక్కపెట్టొచ్చు. వెనక్కి వెళ్లి చూస్తే ఆ లెన్సుతో తీసిన గ్రూప్ ఫోటోలన్నిట్లోనూ కుడివైపు అంతే. లోపలి గాజుల్లో ఒకటి కాస్త పక్కకు కూర్చుందని సర్వీసు సెంటర్లో చెప్పారు. అప్పటికి మార్చుకునే గడువు దాటిపోయింది. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ పెద్దావిడ ఫోటోను మళ్లీ తీయలేను కదా. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే టామ్రాన్ 28-75 ఎఫ్2.8 జీ2 కొన్నప్పుడు మొదటి వారం దాన్ని ఏ పనికీ తీసుకెళ్లలేదు. ఒక వరుస పెట్టుకుని పరీక్షించాను. ఆ వరుసనే ఇక్కడ రాస్తున్నాను. పేరులోని 28-75 అనేది మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్, ఆ అంకె తగ్గితే దృశ్యం వెడల్పుగా, పెరిగితే దగ్గరగా పడుతుంది. ఎఫ్2.8 అనేది అపర్చర్, అంటే వెలుగు లోపలికొచ్చే రంధ్రం, ఆ అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. 24-70 అయినా, 24-105 అయినా, క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా బాడీ మీద వాడే 17-70 అయినా ఇదే పద్ధతి పనికొస్తుంది. రివ్యూలు చదివి లెన్సు మోడల్ ఎలాంటిదో తెలుసుకోవచ్చు. మీ పెట్టెలో వచ్చిన కాపీ ఎలాంటిదో మాత్రం మీరే చూసుకోవాలి.

ముందు లెన్సు గురించి

టామ్రాన్ 28-75 అనే పేరు మన పెళ్లి ఫోటోగ్రాఫర్లకు కొత్తది కాదు. డీఎస్ఎల్ఆర్ల కాలంలో, 2003లోనే, ఏ09 అనే మోడల్ వచ్చింది. మిర్రర్‌లెస్ కోసం సోనీ కెమెరాలకు బిగిసే 'ఈ' మౌంట్‌లో 2018లో ఏ036, దానికి రెండో తరంగా 2021లో నేను కొన్న ఈ ఏ063 (జీ2) వచ్చాయి. బరువు 540 గ్రాములు, ఫిల్టర్ సైజు 67 మి.మీ., లోపల 15 గ్రూపుల్లో 17 గాజులు. నా కెమెరా బాడీ సోనీ ఏ7 త్రీ. దాని బరువు 650 గ్రాములు. రెండూ కలిపితే 1,200 గ్రాముల లోపే. సోనీ సొంత 24-70 జీఎం రెండో తరం 695 గ్రాములు, మొదటి తరం 886 గ్రాములు. రాత్రి ముహూర్తానికి ఆరేడు గంటలు మెడలో వేసుకుని తిరిగే మనిషికి ఆ తేడా మర్నాడు పొద్దున భుజంలో తెలుస్తుంది.

ఈ లెన్సులో లేనివి కూడా ముందే తెలుసుకోవాలి. లెన్సులో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) లేదు, అంతా బాడీయే చూసుకోవాలి. అపర్చర్ రింగ్ లేదు. ఆటో, మాన్యువల్ ఫోకస్ మార్చే స్విచ్ లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇది 24 దగ్గర కాదు, 28 దగ్గర మొదలవుతుంది.

ఆ నాలుగు మిల్లీమీటర్లు పెద్ద తేడాయేనా? లెక్క వేసి చూద్దాం. పెళ్లికూతుర్ని చేస్తున్న గదిలో మీరు ఒక గోడకు ఆనుకుని నిలబడ్డారు, ఎదుటి గోడ మూడు మీటర్ల దూరంలో ఉంది అనుకోండి. ఫుల్ ఫ్రేమ్ (నా కెమెరాలో ఉన్నలాంటి పెద్ద సెన్సర్) మీద 24తో ఆ గోడ నాలుగున్నర మీటర్ల వెడల్పు పడుతుంది. 28తో 3.85 మీటర్లు పడుతుంది. అంటే అటొకరు, ఇటొకరు ఫ్రేము బయటికి వెళ్లిపోతారు. ఇది మీకు అడ్డమో కాదో తెలుసుకోవడానికి కొనకముందే చేయదగిన పని ఒకటుంది. మీ పాత ఫోటోలను ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అయిన లైట్‌రూమ్‌లో ఫోకల్ లెంగ్త్ ప్రకారం వడగట్టి, 28కి లోపు ఎన్ని తీశారో, వాటిలో ఆల్బమ్‌లోకి ఎన్ని వెళ్లాయో చూడండి. నా ఫోటోల్లో అవి చాలా తక్కువ. ఇరుకు గదుల కోసం సంచిలో 20 మి.మీ. ప్రైమ్ (జూమ్ లేని లెన్సు) ఎలాగూ ఉంటుంది. అందుకే 28తో సర్దుకున్నాను. ఇళ్ల లోపలి ఫోటోలు తీసేవాళ్లకైతే ఈ లెన్సు వద్దనే చెబుతాను.

మొదటి రోజు: పెట్టె, బిల్లు, గాజు

సీలు తెరవడం నుంచి లెన్సు బాడీకి బిగించే దాకా ఫోన్‌తో ఒకటే వీడియో తీయండి, మధ్యలో ఆపొద్దు. బిల్లు మీద రాసిన సీరియల్ నంబరు, పెట్టె మీదది, లెన్సు మీదది మూడూ ఒకటేనా చూసుకోండి. వారంటీ మన దేశంలో చెల్లేదేనా, బాగా లేకపోతే మార్చుకునే గడువు ఎన్ని రోజులు, ఈ రెండూ షాపులోనే అడిగి బిల్లు వెనక రాయించుకోండి. ఆ గడువులోపే పరీక్షలన్నీ అయిపోవాలి.

తర్వాత గాజు. గదిలో లైట్లు ఆర్పి, ఫోన్ టార్చ్‌ను ఒకవైపు నుంచి ఏటవాలుగా వేసి, రెండోవైపు నుంచి చూడండి. ఒకటి రెండు దుమ్ము రేణువులు కనబడితే కంగారు పడొద్దు, కొత్త లెన్సుల్లోనూ ఉంటాయి, ఫోటోలో పడవు. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. గాజు అంచున నూనె మరకలా, ఇంద్రధనుస్సు రంగులతో కనిపిస్తే అతుకు వదులుతోందని అర్థం. ఈ రెండిట్లో ఏది ఉన్నా ఇంకేమీ చూడక్కర్లేదు, అదే రోజు వెనక్కివ్వండి.

జూమ్ రింగ్‌ను 28 నుంచి 75 దాకా నెమ్మదిగా పదిసార్లు తిప్పండి. ఎక్కడైనా గరగరలాడినా, ఒకచోట వదులు, ఒకచోట బిగువు అనిపించినా గుర్తు పెట్టుకోండి. కొత్తలో కాస్త బిగువుగా ఉండటం మంచిదే. వాడుతుంటే అదే సర్దుకుంటుంది. లెన్సును కిందికి వేలాడదీసినప్పుడు దానంతట అదే ముందుకు జారకూడదు. మౌంట్ చుట్టూ రబ్బరు అంచు సరిగ్గా ఉందా చూడండి. తలంబ్రాల పొడి, హోమం బూడిద లోపలికి పోకుండా కొంతైనా ఆపేది అదే.

ఊపితే లోపల టకటక చప్పుడు రావడం చూసి చాలామంది టెన్షన్ పడతారు. లీనియర్ మోటార్ ఉన్న లెన్సుల్లో కెమెరా ఆఫ్‌లో ఉన్నప్పుడు ఫోకస్ గాజుల గుంపు వదులుగా కదిలే అవకాశం ఉంది. కెమెరా ఆన్ చేసి మళ్లీ మెల్లగా కదిపి చూడండి. చప్పుడు ఆగిపోతే అది లోపం కాదు.

ఆఖరున ఫర్మ్‌వేర్, అంటే లెన్సు లోపలి సాఫ్ట్‌వేర్. ఈ లెన్సు పక్కనే యూఎస్‌బీ టైప్-సి రంధ్రం ఉంది. కంప్యూటర్లో టామ్రాన్ లెన్స్ యుటిలిటీ వేసి, కేబుల్ పెట్టి, కొత్త వెర్షన్ ఉంటే ఎక్కించండి. లెన్సు మీదున్న బటన్‌కు ఏ పని ఇవ్వాలో కూడా అందులోనే పెట్టుకోవచ్చు. నేను దానికి ఆటో, మాన్యువల్ ఫోకస్ మార్పిడి ఇచ్చాను. స్విచ్ లేని లోటు దాంతో తీరిపోయింది. ఆటోఫోకస్ పరీక్షలు ఫర్మ్‌వేర్ ఎక్కించాకే చేయండి.

రెండో రోజు: నది అవతలి ఒడ్డు పరీక్ష

ఒక్క పరీక్షకే టైముంటే ఇది చేయండి. నన్ను దెబ్బతీసిన లోపాన్ని పట్టేది ఇదే.

ఇటుక గోడను ఫోటో తీసి చూడమని చాలామంది చెబుతారు. నేను ఆ పద్ధతి వదిలేశాను. కెమెరా గోడకు సరిగ్గా సమాంతరంగా లేకపోతే ఒక పక్క దగ్గర, ఒక పక్క దూరం అయిపోతుంది. అప్పుడు మంచి లెన్సు కూడా చెడ్డదిలా కనబడుతుంది. దాని బదులు చాలా దూరంగా ఉండే దృశ్యం ఎంచుకోండి. అక్కడ కెమెరా కాస్త వంకరగా ఉన్నా నష్టం లేదు, అంతా అనంత దూరంలోనే ఉన్నట్టు లెక్క.

నేను కృష్ణ ఒడ్డున ఉన్న సీతానగరం ఘాట్‌కు వెళ్లాను. పక్కనే ఉన్న ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. అంటే ఎదురుగా కనిపించే విజయవాడ ఒడ్డు కిలోమీటరు పైమాటే. అక్కడి భవనాల కిటికీలు, బోర్డుల మీది అక్షరాలు, టవర్ల కడ్డీలు, ఇంద్రకీలాద్రి మీది కట్టడాలు, ఇలాంటి సన్నని వివరాలే ఈ పరీక్షకు కావాలి. నది లేని ఊళ్లో చెరువు కట్ట మీంచి ఊరిని తీయొచ్చు, మేడ మీంచి దూరపు నీళ్ల ట్యాంకును తీయొచ్చు. పొద్దున సూర్యుడు వచ్చిన అరగంటలో పని ముగించాలి. ఎండ ముదిరితే నీటి మీద గాలి వేడెక్కి దృశ్యమంతా అలలాడుతుంది. అది లెన్సు లోపంలా కనిపిస్తుంది.

కెమెరాను గట్టి ట్రైపాడ్ మీద పెట్టండి. బాడీ స్టెబిలైజేషన్ ఆపండి, ఐఎస్ఓ 100, రెండు సెకన్ల టైమర్, రా ఫైల్ (కెమెరా సరిదిద్దని ఫోటో ఫైల్). అపర్చర్ ఎఫ్2.8. ఇప్పుడు 28 మి.మీ. దగ్గర, బాగా వివరాలున్న ఒక భవనాన్ని ఎంచుకుని ఫ్రేము మధ్యలో పెట్టి ఫోకస్ చేసి తీయండి. తర్వాత ఫోకస్ కదలకుండా మాన్యువల్‌లోకి మార్చి, ట్రైపాడ్ తల తిప్పుతూ అదే భవనం పై ఎడమ మూలకు, పై కుడి మూలకు, కింది ఎడమకు, కింది కుడికి వచ్చేలా నాలుగు ఫోటోలు తీయండి. మధ్యలో ఒకటి, మూలల్లో నాలుగు. ఇదే వరుస 50 దగ్గర, 75 దగ్గర. మొత్తం 15 ఫోటోలు. నాలుగు మూలల్లోనూ ఉన్నది ఒకే భవనం కాబట్టి పోల్చడం తేలిక.

ఇంటికొచ్చి కంప్యూటర్లో నూరు శాతం పెద్దది చేసి నాలుగు మూలలనూ పక్కపక్కన పెట్టండి. కెమెరా వెనక స్క్రీన్ మీద తీర్పు చెప్పొద్దు. నేను నాలుగేళ్ల కిందట చేసిన పొరపాటు అదే.

నాలుగు మూలలూ మధ్య భాగం కంటే కొంచెం సాఫ్ట్‌గా, కానీ ఒకే తీరుగా ఉంటే మీ కాపీ బాగున్నట్టే. ఎఫ్2.8 జూమ్ మూలల్లో కాస్త తగ్గడం మామూలే. ఒకటి రెండు మూలలు మాత్రమే మిగతావాటికంటే స్పష్టంగా మసకగా ఉంటే ఇంకో మెట్టు ఉంది. మర్నాడు మళ్లీ వెళ్లి, భవనాన్ని ఆ మూలలో పెట్టి, ఫోకస్ కూడా అక్కడే చేసి తీయండి. అప్పుడు షార్ప్‌గా వస్తే ఫోకస్ తలం వంగి ఉందని అర్థం. ఆ వంపు నాలుగు మూలల్లోనూ సమానంగా ఉంటే డిజైన్ లక్షణం. ఒక పక్కే ఉంటే గాజు వాలి ఉందని అనుమానించాలి. అక్కడ ఫోకస్ చేసినా మసకగానే ఉంటే మాత్రం అనుమానం అక్కర్లేదు, అది డీసెంటరింగ్, అంటే లోపలి గాజు పక్కకు కూర్చోవడం. ఎఫ్5.6, ఎఫ్8 దగ్గర కూడా అదే మూల వెనకబడి ఉందా చూడండి. ఎఫ్5.6కి వచ్చేసరికి తేడా కనిపించకుండా పోతే నేనైతే ఉంచుకుంటాను. గ్రూప్ ఫోటోలు ఎలాగూ ఎఫ్5.6లోనే తీస్తాం. ఎఫ్8కి కూడా పోకపోతే మార్చుకోవాల్సిందే, మొహమాట పడొద్దు.

నా కాపీ 28, 50 దగ్గర నాలుగు మూలలూ ఒకే తీరుగా వచ్చాయి. 75 దగ్గర కింది ఎడమ మూల వెంట్రుకవాసి తక్కువనిపించింది. ఎఫ్4కి సర్దుకుంది. ఏ జూమూ మూడు చోట్లా నూటికి నూరు ఉండదు, ఆ మేరకు ఒప్పుకోవచ్చు.

మూడో రోజు: ఆటోఫోకస్

నిలబడ్డ వస్తువు మీద ఏ లెన్సయినా ఫోకస్ చేస్తుంది. కదిలి వచ్చే మనిషి మీదే అసలు సంగతి బయటపడుతుంది. మా అక్క కొడుకును సైకిలెక్కించి, వీధి చివర నుంచి నా మీదికి రమ్మన్నాను. 75 మి.మీ., ఎఫ్2.8, షట్టర్ 1/1000, ఏఎఫ్-సి (కదిలేదాన్ని వెంబడిస్తూ ఉండే ఫోకస్), కంటి మీద ఫోకస్. వాడు నా దగ్గరికి వచ్చేదాకా వరసగా కొట్టడమే. ఇలా ఐదుసార్లు. ఆ తర్వాత ప్రతి వరుసలో ఎన్ని ఫోటోల్లో కన్ను షార్ప్‌గా ఉందో ఒక్కొక్కటీ చూసి రాసుకున్నాను.

లెక్కకంటే ఎక్కడ మిస్సయిందన్నది ముఖ్యం. మొదటి రెండు మూడు ఫ్రేముల్లో తప్పి తర్వాత పట్టుకుంటే, మొదలుపెట్టే ముందు ఒక క్షణం సగం నొక్కి ఉంచడం అలవాటు చేసుకోవాలి. ప్రతి ఫోటోలో ఫోకస్ ముక్కు మీదో చెవి మీదో, ఎప్పుడూ ఒకే వైపు పడుతుంటే లెన్సును, బాడీని కలిపి సర్వీసులో చూపించాలి. ఆఖరి నాలుగైదు అడుగుల దూరంలో తప్పడం ఏ లెన్సుకైనా ఉంటుంది. నా కాపీ ఆ ఆఖరి అడుగుల్లో తప్ప వాణ్ని వదల్లేదు. జీ2లోని వీఎక్స్‌డీ లీనియర్ మోటార్ మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే. సోనీ బాడీల మీద వేరే కంపెనీల లెన్సులకు సెకనుకు 15 ఫ్రేముల హద్దు ఉంది. ఏ7 త్రీ తీసేదే పది కాబట్టి నాకు పట్టింపు లేదు. ఏ9, ఏ1 లాంటి బాడీలు ఉన్నవాళ్లు ఇది లెక్కలోకి తీసుకోవాలి.

సాయంత్రం ఇంట్లో ఒక్క బల్బు వెలుగులో మళ్లీ చూడండి. దీపం పక్కన కూర్చున్న మనిషి, నల్లటి జుట్టు, పట్టుచీర జరీ. కెమెరా ముందుకీ వెనక్కీ వెతుక్కుంటోందా, ఒకసారికే పట్టేస్తోందా గమనించండి. వీడియో తీసేవాళ్లు ఇంకొకటి చూడాలి. 75 దగ్గర ఫోకస్ చేసి, మాన్యువల్‌లో ఉంచి 28కి జూమ్ వెనక్కి తీసినప్పుడు ఫోకస్ నిలుస్తోందా? ఫోటో లెన్సుల్లో చాలావాటిలో నిలవదు. మీది ఎంత జారుతుందో తెలిసి ఉంటే మండపంలో కంగారు ఉండదు.

నాలుగో రోజు: చేతి వణుకు, దగ్గరి ఫోటోలు

స్టెబిలైజేషన్ బాడీదే కాబట్టి నా చేతికి ఎంత వరకు నిలుస్తుందో నేనే తెలుసుకోవాలి. ఉండవల్లి గుహలకు వెళ్లాను. ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి కావాలి, చేత్తో తీయడానికి అదే మంచి సాకు. పడుకున్న అనంతపద్మనాభుడి విగ్రహం దగ్గర వెలుగు తక్కువ, రాతి మీద ఉలి గీతలు సన్నం. ఈ పరీక్షకు అంతకంటే ఏం కావాలి? 75 దగ్గర షట్టర్ 1/60, 1/30, 1/15, 1/8, ఒక్కోదానికి పది ఫోటోలు తీశాను. 1/30 వరకు దాదాపు అన్నీ నిలిచాయి. 1/8 దగ్గర సగం పోయాయి. మనుషులు మాత్రం రాతి విగ్రహాల్లా ఉండరు. పెళ్లిలో 1/125 కిందికి నేను దిగను.

దగ్గరి ఫోటోల విషయంలో ఈ లెన్సు నాకు బాగా నచ్చింది. 28 దగ్గర 18 సెంటీమీటర్ల దూరం నుంచి ఫోకస్ అవుతుంది, 1:2.7 సైజు వస్తుంది. అంటే పది సెంటీమీటర్ల కంటే తక్కువ వెడల్పున్న వస్తువు ఫ్రేము నిండా పడుతుంది. వినడానికి బాగుంది కానీ ఒక చిక్కుంది. ఆ 18 సెంటీమీటర్లు లెక్కపెట్టేది సెన్సర్ దగ్గర నుంచి. లెన్సు పొడవే దాదాపు 12, దాని వెనక మౌంట్ దూరం ఇంకో రెండు. ముందు గాజుకూ మంగళసూత్రానికీ మధ్య మిగిలేది నాలుగైదు సెంటీమీటర్లు. హుడ్ ఉంచితే నీడ దాని మీదే పడుతుంది. నగల ఫోటోలకు నేను 75 వాడతాను. 38 సెంటీమీటర్ల దూరం నుంచి 1:4.1 వస్తుంది, దాదాపు 15 సెంటీమీటర్ల వెడల్పు. మెట్టెలు, వంకీ, జీలకర్ర బెల్లం పట్టుకున్న చేతులు అందులో చక్కగా ఇముడుతాయి, వెలుగుకూ అడ్డం ఉండదు. ఈ రెండు దూరాలూ ఇంట్లో అమ్మ గాజుల మీదో ఉంగరం మీదో సాధన చేసుకోండి.

ఐదో రోజు: ఎదురు వెలుగు

సూర్యాస్తమయానికి సూర్యుణ్ని ఫ్రేము లోపల, అంచు మీద, కొద్దిగా బయట పెట్టి మూడేసి ఫోటోలు తీయండి. నిజానికి ఎక్కువ దెబ్బ కొట్టేది ఫ్రేముకు కొంచెం బయటున్న వెలుగే. మండపంలో పక్కనుంచి కొట్టే ఎల్ఈడీ లైటు అచ్చం ఇలాగే పడుతుంది. హుడ్ పెట్టి ఒకటి, తీసి ఒకటి తీసి పోల్చండి. తర్వాత ఫిల్టర్ పెట్టి, తీసి పోల్చండి. రాత్రిపూట వీధి దీపాలను తీస్తే, దీపానికి ఎదురు మూలలో ఆకుపచ్చ మచ్చ ఒకటి వస్తుంటుంది. చాలాసార్లు దానికి కారణం లెన్సు కాదు, దాని ముందు పెట్టిన చౌక యూవీ ఫిల్టర్. అందుకే ఫిల్టర్ తీసి చూడకుండా లెన్సును తప్పు పట్టొద్దు. ఈ లెన్సు ముందు గాజుకు ఫ్లోరిన్ పూత ఉంది, వేలిముద్రలు తేలిగ్గా తుడుచుకుపోతాయి. నేను హోమం దగ్గర తప్ప ఫిల్టర్ పెట్టడం లేదు, హుడ్ మాత్రం తీయను.

అదే రాత్రి వెనక సీరియల్ బల్బులు పెట్టి ఒక మనిషిని 75, ఎఫ్2.8లో తీయండి. మధ్యలో బల్బులు గుండ్రంగా, మూలల్లో పిల్లికన్నులా సాగి కనిపిస్తాయి. ఎఫ్4కి మారిస్తే మూలల్లోనూ గుండ్రటి వైపుకొస్తాయి. తొమ్మిది రేకుల అపర్చర్ కాబట్టి ఎఫ్16 దగ్గర వీధి దీపం చుట్టూ పద్దెనిమిది కిరణాల నక్షత్రం వస్తుంది.

మూలల్లో చీకటి, అంచుల్లో గీతల వంపు చూడాలంటే ఒక తెల్ల గోడ, ఒక తలుపు చట్రం చాలు. కెమెరా మెనూలో లెన్స్ కాంపెన్సేషన్ ఆన్‌లో ఉంటే జేపెగ్‌లో ఇవి చాలావరకు సరిచేసి వస్తాయి, రా ఫైల్‌ను ఎడిటింగ్‌లో ప్రొఫైల్ సరిచేస్తుంది. వీటి గురించి లెన్సు వెనక్కివ్వాల్సినంత పని ఉండదు.

ఆరో రోజు: తీర్పు

ఒక చిన్న ఫంక్షన్‌కు, డబ్బు తీసుకోని దానికి, పాత లెన్సును కూడా పక్కన పెట్టుకుని తీసుకెళ్లండి. నేను మా వీధిలో ఒక అన్నప్రాశనకు వెళ్లాను. పాప చెయ్యి పుస్తకం మీదికా, పెన్ను మీదికా, బంగారం మీదికా వెళ్తోందని అందరూ వంగి చూస్తున్న ఆ అర నిమిషంలో లెన్సు గురించి ఆలోచించాల్సిన పని రాలేదు. ఉంచుకుందామని అప్పుడే అనుకున్నాను.

మీ కాపీలో లోపం తేలితే షాపుకు ఉత్త చేతుల్తో వెళ్లొద్దు. రెండో రోజు తీసిన ఫోటోల్లోంచి బాగున్న మూల, బాగాలేని మూల నూరు శాతం సైజులో కత్తిరించి పక్కపక్కన పెట్టి, కింద ఫోకల్ లెంగ్త్, అపర్చర్ రాసి, రెండు ప్రింట్లు తీసుకెళ్లండి. "సాఫ్ట్‌గా వస్తోందండీ" అంటే సెట్టింగ్ మార్చి చూడమంటారు. ఒకే భవనం ఒక మూలలో కిటికీ ఊచలతో సహా కనిపిస్తూ, ఇంకో మూలలో మసకగా ఉన్న ప్రింటు చూపిస్తే వాళ్లకూ వెంటనే అర్థమవుతుంది. మార్చి ఇచ్చిన కాపీకి కూడా నది ఒడ్డు పరీక్ష మళ్లీ చేయాలి. దానికోసం గడువును కొత్త తేదీ నుంచి లెక్కపెట్టమని అక్కడే అడిగి, బిల్లు మీద రాయించుకుని బయటికి రండి.